నార్వేజియన్ మాటల నోట్‌బుక్, 3వ వారం: కిటికీ దగ్గరే ఆగిపోయాను

ఈ వారం పది మాటలు విడగొడదామని కూర్చున్నా, ఒక్కటే నాలుగు రోజులు తినేసింది. పోయిన వారంవి తేలిక: స్తోవ్‌సూగెర్ అంటే దుమ్ము పీల్చేది, అదే వాక్యూమ్ క్లీనర్. సూకెహూస్ అంటే జబ్బు ఇల్లు, అంటే ఆసుపత్రి. చూడగానే అతుకు కనిపిస్తుంది.

'విండు' అలా కాదు. అర్థం కిటికీ. ముందు సగం గాలి అని తెలుస్తూనే ఉంది (విడిగా అయితే 'విన్' అంటారు, చివరి డ రాస్తారు గానీ పలకరు), మిగిలింది 'డు', అంటే నువ్వు. కార్డు మీద ధీమాగా 'గాలి + నువ్వు' అని రాసేసుకున్నా. కవిత్వం బాగానే ఉంది, తప్పు అంతే.

ముడి నీనోర్స్క్‌లో వీడింది. నార్వేలో బూక్మోల్, నీనోర్స్క్ అని రెండు రాత పద్ధతులు, 1885 నుంచి రెండిటికీ సమాన హోదా. నేను నేర్చుకునేది బూక్మోల్. నీనోర్స్క్‌లో కిటికీ 'విండ్‌ఔగె', అందులో ఔగె అంటే కన్ను! పాత నార్స్‌లో (ఆ ప్రాంతపు పూర్వ భాష) 'విండ్‌ఔగ', గాలి కన్ను, అద్దాలు లేని రోజుల్లో ఇంటికి ఉండే రంధ్రం. బూక్మోల్ మాట డేనిష్ మీదుగా రావడంతో ఆ కన్ను అరిగిపోయి ఉత్త 'ఉ' మిగిలింది. ఇంగ్లిష్ విండో కూడా ఆ పాత నార్స్ మాటే.

మన గవాక్షం గుర్తొచ్చి నవ్వొచ్చింది. గో + అక్షం, ఆవు కన్ను. ఇద్దరూ గోడలో కన్నే చూశారు.

పనికొచ్చిన ముక్క ఇంకోటి: సమాసంలో చివరి మాట లింగమే మొత్తానికి వస్తుంది. కన్ను, అంటే బూక్మోల్‌లో 'ఓయె', నపుంసకం కాబట్టి 'ఎత్ ఓయె', అలాగే 'ఎత్ విండు' ('ఎత్', 'ఎన్' రెండూ 'ఒక' అనే మాటే, లింగాన్ని బట్టి మారుతుంది). ఇదివరకు మూడుసార్లు 'ఎన్ విండు' అని రాసి కొట్టేసుకున్నా, ఇక మర్చిపోను.

ఇప్పుడు పద్ధతి మార్చాను. అతుకు కనిపించని మాటైతే ముందు నీనోర్స్క్ రూపం చూస్తా, ఆ తర్వాతే కార్డు, అదీ పెన్సిల్‌తో. బెర్గెన్ విశ్వవిద్యాలయం, నార్వే భాషా మండలి కలిసి నడిపే ఆన్‌లైన్ నిఘంటువుల్లో రెండు రూపాలూ ఒకేసారి వెతకొచ్చు, ఉచితమే. ఫోన్‌లో నార్వేజియన్ కీబోర్డ్ పెట్టుకుంటే అడ్డగీత ఉన్న 'ఓ' కోసం తంటాలు ఉండవు.

వచ్చే వారం 'ఫ్రూకొస్త్', పొద్దున్నే తినే టిఫిన్. 'కొస్త్' అంటే చీపురు కూడానట. ఈసారి తొందరపడను.