32 జీబీ దాటదన్న లాప్‌టాప్‌లో 64 జీబీ ర్యామ్: నా అనుభవం

నా గేమింగ్ లాప్‌టాప్‌తో వచ్చిన కాగితంలోనూ, కంపెనీ సైట్‌లోనూ ఒకటే మాట రాసి ఉంది: ర్యామ్ గరిష్ఠంగా 32 జీబీ. ఇప్పుడు అందులో 64 జీబీ నడుస్తోంది. రోజూ గంటల కొద్దీ బరువైన పని చేయిస్తున్నా, ఇంతవరకు బ్లూ స్క్రీన్ రాలేదు. అందరి లాప్‌టాప్‌లోనూ ఇలాగే అవుతుందని నేను చెప్పను. కానీ ఆ 32 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోకుండా, బాగా ఉన్న మెషీన్‌ని సగం ధరకి అమ్మేసి కొత్తది కొన్నవాళ్లని వైజాగ్‌లోనే చాలామందిని చూశాను. వాళ్లలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఆటలు ఆడుకోవడానికైతే నాకు 16 జీబీ సరిపోయేది. అవసరం వేరే చోట వచ్చింది. మేం కొందరం స్నేహితులం కలిసి ఒక చిన్న గేమ్ తయారు చేస్తున్నాం. అందులో ఒక లెవెల్ మొత్తం భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో జరుగుతుంది. ఆ దిబ్బలు వేల ఏళ్లుగా గాలీ, సముద్రం, వాన కలిసి తీర్చినవి. వాన కోతకి ఏర్పడిన ఆ సన్నని లోయల్లో నిలబడితే రెండు పక్కలా ఎర్రటి గోడలు తప్ప ఏమీ కనపడదు. చేత్తో మోడల్ చేస్తే ఆ గోడల గరుకుతనం రాదు. అందుకే ఫొటోగ్రామెట్రీ పట్టుకున్నాం. ఒకే గోడని అన్ని కోణాల నుంచీ వందల ఫొటోలు తీసి సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, అది వాటిలో ఒకదానికొకటి కలిసే చుక్కలు వెతికి 3డీ ఆకారం కడుతుంది. ఈ చుక్కలన్నీ మెష్‌గా, అంటే చిన్న చిన్న త్రిభుజాల వలలాంటి ఉపరితలంగా, మారే దశలో ర్యామ్ మంచినీళ్లలా ఖర్చవుతుంది. 16 జీబీతో ఒక చిన్న గోడ కూడా పూర్తి కాలేదు. మెమరీ చాలడం లేదని చెప్పి ప్రోగ్రామ్ ఆగిపోయేది. పైగా గేమ్ కట్టే అన్‌రియల్ ఇంజిన్ 5కి దాని తయారీదారులే 32 జీబీ ఉంటే మంచిదంటారు. రెండూ పక్కపక్కన తెరిస్తే 32 కూడా చాలదని లెక్క తేలింది.

కొనే ముందు కొంత చదువుకున్నాను. ఎంత ర్యామ్ పడుతుందన్నది మొదట ప్రాసెసర్ చేతిలో ఉంటుంది, ఎందుకంటే ర్యామ్‌ని నడిపే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంది. నాది ఇంటెల్ కోర్ ఐ7-10750హెచ్. ఇంటెల్ సొంత సైట్‌లో దీనికి గరిష్ఠ మెమరీ 128 జీబీ అని స్పష్టంగా ఉంది. అది 32 జీబీ స్టిక్‌లు (ర్యామ్ చిప్‌లు అమర్చిన చిన్న పలకలు) నాలుగు పెడితే వచ్చే లెక్క. నా లాప్‌టాప్‌లో ఉన్నవి రెండు స్లాట్‌లే కాబట్టి నాకు పై హద్దు 64. డీడీఆర్4లో, అంటే నా లాప్‌టాప్ వాడే ర్యామ్ రకంలో, రెండు స్లాట్‌లతో 64ని మించి ఎలాగూ వెళ్లలేం. ఆ ప్రమాణంలో ఒక్కో చిప్ గరిష్ఠంగా 16 గిగాబిట్లు, అంటే 2 జీబీ. లాప్‌టాప్ స్టిక్ మీద మామూలుగా 16 చిప్‌లు పడతాయి కాబట్టి ఒక స్టిక్ 32 జీబీ దగ్గర ఆగుతుంది. అంతకు ముందు తరం చిప్ 8 గిగాబిట్లే కాబట్టి, అప్పట్లో పెద్ద స్టిక్ అంటే 16 జీబీ. లాప్‌టాప్ కంపెనీలు తాము అమ్మే మోడల్స్‌లో ఏ స్టిక్‌లు పెడతాయో వాటితోనే పరీక్షించి, ఆ మొత్తాన్నే కాగితం మీద వేస్తుంటాయి. 16 రెళ్లు 32. నా కాగితం మీది అంకెకి అర్థం ఇదేనని నాకు నమ్మకం కుదిరింది.

విండోస్‌ని కూడా అడిగి చూశాను. కమాండ్ ప్రాంప్ట్‌లో గరిష్ఠ మెమరీ అడిగితే 3,35,54,432 అని వచ్చింది. కిలోబైట్లలో అది సరిగ్గా 32 జీబీ. చాలామంది ఇక్కడే ఆశ వదిలేస్తారు. కానీ అది విండోస్ కొలిచి చెప్పేది కాదు, బయోస్ (లాప్‌టాప్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) తయారు చేసినవాళ్లు ఒక పట్టికలో రాసి పెట్టిన అంకెని అలాగే చదివి వినిపిస్తుంది. నా లాప్‌టాప్‌లో ఈరోజుకీ 64 జీబీ నడుస్తుండగా ఆ కమాండ్ 32 అనే చెబుతోంది!

విండోస్ హోమ్ ఎడిషన్ 128 జీబీ వరకు ఒప్పుకుంటుంది, కాబట్టి అటు నుంచి అడ్డు లేదు. ఇక మిగిలింది బయోస్. అది 32 జీబీ స్టిక్‌ని గుర్తిస్తుందా లేదా అన్నది పెట్టి చూస్తే తప్ప తేలదు. పాత ర్యామ్ ఉండగానే, ఛార్జర్ పెట్టి, బయోస్‌ని తాజా వెర్షన్‌కి అప్‌డేట్ చేసుకున్నాను. లాప్‌టాప్ వారంటీ అప్పటికే అయిపోయింది కాబట్టి ఆ టెన్షన్ లేదు. వారంటీ ఉన్నవాళ్లు మాత్రం ర్యామ్ మార్చుకోవచ్చో లేదో తమ కంపెనీ షరతుల్లో ఒకసారి చూసుకోవాలి.

ద్వారకానగర్‌లో కంప్యూటర్ షాపులకి కొదవ లేదు. మొదట వెళ్లిన రెండు మూడు చోట్ల మోడల్ నంబర్ కొట్టి చూసి, కుదరదనేశారు. ఒక సందులో చిన్న రిపేర్ షాపు నడిపే అన్న మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. అయినా ఆయన మొదటి మాట ఇదే: "ఏటి తమ్ముడూ, కంపెనీవోడే 32 అని రాసేక మనం 64 ఎలా పెట్టగలం?" ఫోన్‌లో ఇంటెల్ పేజీ తెరిచి చూపించాను. కాసేపు చదివి, "సరే, ఒక్కటి పెట్టి చూద్దాం. పని చేస్తే రెండోది తెప్పిస్తాను, లేకపోతే దీన్ని నేను ఉంచీసుకుంటాను" అన్నాడు. ఈ ఒప్పందం కుదరబట్టే నేను ధైర్యం చేశాను. మీరు కూడా కొనే ముందు ఇలాంటి మాట తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువు చూసుకోండి.

స్టిక్ డీడీఆర్4, 3200 వేగం, 1.2 వోల్టులు. నా ప్రాసెసర్ 2933 దాకానే ఇస్తుంది కాబట్టి 3200 స్టిక్ పెట్టినా దానంతట అదే 2933కి దిగుతుంది. మామూలు కంటే ఎక్కువ వేగంతో నడపడానికి ఎక్కువ వోల్టేజీ అడిగే ఓవర్‌క్లాక్ స్టిక్‌ల జోలికి పోలేదు. వాటి పేరు చూసి ముచ్చట పడతాం కానీ, లాప్‌టాప్ బయోస్‌లో ఆ సెట్టింగులు చాలావరకు ఉండవు.

లాప్‌టాప్‌ని ఆ అన్నే విప్పాడు, నేను పక్కనే ఉండి చూశాను. మా ఇల్లు లాసన్స్ బేకి దగ్గర. ఉప్పుగాలి లోపలికి కూడా చేరుతుందని అప్పుడే తెలిసింది. వెనక మూతకున్న స్క్రూల్లో హింజ్ పక్కవి రెండు తుప్పు పట్టి గోధుమరంగుకి వచ్చాయి. స్క్రూడ్రైవర్ కొన సరిగ్గా కూర్చునేదాకా ఆయన తిప్పలేదు. కొన జారి తల అరిగిపోతే ఆ స్క్రూ ఇక రాదట. తీసిన ప్రతి స్క్రూనీ, అది ఎక్కడిదో అదే వరసలో కాగితం మీద పెట్టాడు, ఎందుకంటే పొట్టివి ముందు అంచుకి, పొడవువి హింజ్‌లకి. మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకున్నాడు, మిగిలిన కరెంటు పోవడానికి. తర్వాత చేత్తో షాపులోని ఇనప ర్యాక్‌ని తాకి అప్పుడు స్టిక్ ముట్టుకున్నాడు. స్లాట్ రెండు పక్కలా ఉన్న క్లిప్‌లని బయటికి లాగితే పాత స్టిక్ దానంతట అదే పైకి లేచింది. కొత్తదాన్ని ఏటవాలుగా దూర్చి, బంగారు రంగు అంచు దాదాపు కనపడకుండా పోయాక కిందికి నొక్కితే క్లిప్‌లు టిక్కుమని పట్టుకున్నాయి.

ఒక స్లాట్‌లో 32, రెండో దాంట్లో పాత రెండు 8 జీబీ స్టిక్‌లలో ఒకటి. ఆన్ చేస్తే కీబోర్డ్ లైట్లు వెలిగాయి, తెర నల్లగానే ఉంది. ఇక్కడ చాలామంది కంగారుపడి పవర్ బటన్ నొక్కేస్తారు. నొక్కకూడదు. కొత్త మెమరీ చూసినప్పుడు బయోస్ దానితో ఏ టైమింగ్‌లో మాట్లాడాలో మొదటిసారి సరిచూసుకుంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఓపిగ్గా చూశాం. కంపెనీ లోగో వచ్చింది. బయోస్‌లో 40 జీబీ! 32 దాటదన్న లాప్‌టాప్ ఆ క్షణంలోనే దాటేసింది. అన్న నా వైపు చూసి, "బాగుంది తమ్ముడూ, రెండోది చెప్పీమంటావా?" అన్నాడు.

రెండోది వచ్చాక 64 జీబీ కనిపించింది. విండోస్‌లో 63.8 జీబీ వాడుకోవచ్చని చూపించింది, వేగం 2933. ఇక్కడితో అయిపోయిందనుకుని చాలామంది ఆగిపోతారు. కానీ హద్దు దాటి పెట్టిన మెమరీకి అసలు పరీక్ష ఇప్పుడే. విండోస్ మామూలుగా వాడేటప్పుడు మెమరీ మొత్తం నిండదు, అందుకే తేడా ఉన్నా రోజుల తరబడి తెలియదు. తెలిసేసరికి ఏదో ఫైలు పాడై ఉంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ బూట్ చేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్న చూస్తే తెర మీద ఎర్ర గీతలు. ప్రతి గీతలోనూ ఒక అడ్రసు, రాసిన విలువ, తిరిగి చదివిన విలువ. రెండింటికీ ఒకే ఒక్క బిట్ తేడా.

షాపులో ఫొటో చూపిస్తే అన్న నిట్టూర్చి, "నేను ముందే అన్నాను కదా, హద్దు దాటితే ఇంతే" అన్నాడు. ఆ మాట నాకు సబబుగా తోచలేదు. హద్దు వల్ల వచ్చిన లోపమా, స్టిక్‌లోని లోపమా అన్నది వేరు చేసి చూడొచ్చు. రెండు స్టిక్‌ల మీదా చిన్న కాగితం ముక్కలు అతికించి ఒకటి, రెండు అని రాశాను. మొదటిదాన్ని ఒంటరిగా పెట్టి పరీక్ష నడిపాను, తర్వాత అదే స్టిక్‌ని రెండో స్లాట్‌లో. రెండు చోట్లా ఒక్క తప్పు కూడా రాలేదు. రెండో స్టిక్‌ని ఒంటరిగా పెడితే ఎర్ర గీతలు వచ్చాయి. స్లాట్ మార్చినా వచ్చాయి. ఒక్క స్టిక్ మాత్రమే ఉన్నప్పుడు మొత్తం 32 జీబీయే, అంటే కంపెనీ చెప్పిన హద్దు లోపలే ఉన్నాం. అక్కడ కూడా తప్పులు వస్తున్నాయంటే దోషం హద్దుది కాదు, స్లాట్‌ది కాదు, ఆ స్టిక్‌దే.

ఈ ఫొటోలన్నీ వరసగా చూపించాక అన్న ఇంక మాట్లాడలేదు. బిల్లు తీసి, స్టిక్ మీది సీరియల్ నంబర్‌తో సరిచూసి, వారంటీకి పంపించాడు. మార్చి ఇచ్చిన స్టిక్ వచ్చేదాకా 40 జీబీతోనే పని చేసుకున్నాను. వేర్వేరు సైజులవి కలిపినా ఇంటెల్‌లో ఇబ్బంది లేదు. 8కి 8 జోడీగా నడిచి, మిగిలిన 24 జీబీ సింగిల్ ఛానెల్‌లో, అంటే జోడీ లేకుండా ఒకే దారిలో, నడుస్తుంది. కొత్త స్టిక్ వచ్చాక మళ్లీ రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టాను. నాలుగు పాస్‌లూ పూర్తయ్యాయి, తప్పులు సున్నా.

ర్యామ్ పెంచాక సీ డ్రైవ్‌లో ఖాళీ తగ్గిపోయిందని కంగారుపడకండి. లాప్‌టాప్‌ని ఆపేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్‌లో దాచే హైబర్నేషన్ ఫైలుకి విండోస్ మామూలుగా ర్యామ్‌లో 40 శాతం చోటు పక్కన పెడుతుంది, 64కి అది 25 జీబీ పైనే. హైబర్నేషన్ వాడనివాళ్లు దాన్ని ఆపేస్తే ఆ చోటు తిరిగి వస్తుంది. ఆటల్లో ఫ్రేమ్‌రేట్ పెరగలేదు, పెరగదు కూడా. గ్రాఫిక్స్ కార్డు అదే, దాని మెమరీ అదే. కేవలం ఆటల కోసమైతే ఈ డబ్బు ఇటు పెట్టకండి.

దిబ్బల్లో ఒక లోయ మొత్తం, రెండు పక్కల గోడలూ కలిపి, ఒకే మెష్‌గా వచ్చింది. అది నడుస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో వాడకం 50 జీబీ దాటడం కళ్లారా చూశాను. గోడలో మట్టి పొరలు పొరలుగా కనిపించేచోట వేళ్లు బయటికి పొడుచుకొచ్చిన చెట్టు ఒకటుంది, ఆ వేళ్లు కూడా వచ్చాయి.

మీరు ప్రయత్నించాలనుకుంటే ముందు మీ లాప్‌టాప్‌లో ర్యామ్ స్లాట్‌లో ఉందా, బోర్డుకే సోల్డర్ చేసి (ఊడదీయలేకుండా అతికించి) ఉందా చూసుకోండి. సోల్డర్ చేసిందైతే ఈ దారి లేదు. ఒకటి సోల్డర్, ఒకటి స్లాట్ అయితే మార్చగలిగేది ఆ ఒక్కటే. డీడీఆర్5 లాప్‌టాప్‌లవాళ్ల కథ కూడా ఇలాంటిదే. పెద్ద స్టిక్ 32 జీబీ ఉన్న రోజుల్లో వచ్చిన మోడల్స్ మీద 64 అని ఉంటుంది, ఆ తర్వాత 2023లో 48 జీబీ స్టిక్‌లు వచ్చాయి. వాటిని మీ బయోస్ గుర్తిస్తుందో లేదో, తిరిగి తీసుకుంటామన్న షాపులో ఒక్క స్టిక్ పెట్టి చూడండి.