‘కెదార్’ క్రియ పట్టుబడిన తీరు

స్పానిష్ భాషా ప్రావీణ్యానికి పెట్టే డెలే పరీక్షలో మధ్యస్థమైన బీ1 స్థాయికి చదువుతున్నప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా తికమకపెట్టిన క్రియ ‘కెదార్’. నిఘంటువు తెరిస్తే మిగలడం, ఉండిపోవడం, ఫలానా చోట ఉండటం, బట్టలు నప్పడం, కలుసుకుందామని అనుకోవడం అంటూ పొంతన లేని అర్థాలు వరుసగా కనిపించాయి. శాంతపరచడం అనే అర్థమున్న లాటిన్ ‘క్వియేతారే’ నుంచి ఇది పుట్టిందని తెలిశాక, కదలిక ఆగిన తరువాత ఏర్పడే స్థితిని చెప్పే క్రియగా దీన్ని చూడసాగాను.

‘మే కెదాన్ దోస్ ఎఊరోస్’ అన్న వాక్యంలో డబ్బు గల మనిషి కర్త కాకపోవడం ఇంగ్లీషు ద్వారా నేర్చుకునేవారికి కొరుకుడుపడదు గానీ, ‘నాకు రెండు యూరోలు మిగిలాయి’ అనే మనకు అందులో వింతేమీ లేదు. ఒక్క యూరోయే ఉంటే, ‘మిగిలాయి’ ‘మిగిలింది’ అయినట్లే, ‘కెదాన్’ కాస్తా ‘కెదా’ అవుతుంది. ‘లా కమీసా తే కెదా బియెన్’ కూడా ‘చొక్కా నీకు బాగా నప్పింది’ అన్న వరుసలోనే నడుస్తుంది.

చర్య కర్తకే తగిలేటట్టు ‘సే’ (‘నేను’ విషయంలో ‘మే’) చేరిన ‘కెదార్సే’ రూపం దగ్గర, క్రియల చివర చేరే మన ‘పోవు’ ఆదుకుంది. ‘సే కెదో దోర్మీదో’ అంటే నిద్రపోయాడు, ‘మే కెదే సోలో’ అంటే ఒంటరినైపోయాను. అయితే ఈ పోలికను మరీ సాగదీయకూడదు. మరిచిపోవడానికి, చెడిపోవడానికి అక్కడ వేరే క్రియలున్నాయి. స్థలాన్ని చెప్పేటప్పుడు కూడా స్టేషన్, ఊరు వంటి కదలని వాటికే ‘కెదార్’ వాడతారు. మనిషి ఎక్కడున్నాడని అడగడానికి ‘ఉండు’ అనే అర్థమున్న మరో క్రియ ‘ఎస్తార్’ కావాలి.

స్పెయిన్‌లో నిత్యం వినిపించే ‘కెదామోస్ ఆ లాస్ ఓచో’, అంటే ‘ఎనిమిదింటికి కలుద్దాం’ అన్న వాడుక మాత్రం తెలుగు దారిలో రాలేదు. దాన్ని విని విని అలవాటు చేసుకోవలసి వచ్చింది. ఇందులో ‘తో’ అనే అర్థమున్న ‘కోన్’ చేరితే మరింత జాగ్రత్త అవసరం: ‘కెదార్ కోన్’ అంటే ఒకరితో కలుసుకోవడానికి మాట అనుకోవడం, ‘కెదార్సే కోన్’ అంటే ఒక వస్తువును తన దగ్గరే ఉంచుకోవడం. దుకాణంలో రెండు చొక్కాలు చూసి ఒకదాన్ని ఎంచుకున్నవారు ‘మే కెదో కోన్ ఎస్తా’ అంటారు.