వాషింగ్టన్ అవెన్యూలో మూడు రాత్రులు

మా అమ్మాయి కుటుంబం అమెరికాలోని సెయింట్ లూయిస్ నగర శివారులో ఉంటుంది. గత అక్టోబరులో మేము అక్కడ ఉన్నప్పుడు షికాగో నుంచి మా తమ్ముడి కుటుంబం కూడా వస్తామనడంతో, తొమ్మిది మందికి ఆ ఇల్లు చాలదని డౌన్‌టౌన్‌లోని వాషింగ్టన్ అవెన్యూలో ఒక విశాలమైన లాఫ్ట్ అపార్ట్‌మెంట్‌ను మూడు రాత్రులకు అద్దెకు తీసుకున్నాము. లాఫ్ట్ అంటే మన ఇళ్లలోని అటక అనుకున్నాను. ఇక్కడ పాత గిడ్డంగిలోనో కర్మాగారంలోనో ఒక అంతస్తును చిన్న చిన్న గదులుగా విడగొట్టకుండా నివాసంగా మారిస్తే, దానిని ఆ పేరుతో పిలుస్తారు.

పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1920ల వరకు ఈ వీధి బట్టలు, టోపీలు, జోళ్ల టోకు వ్యాపారానికి పెట్టింది పేరు. మిసిసిపీ నది రేవూ రైలు మార్గాలూ దగ్గరలోనే ఉండడంతో సరుకు ఇక్కడి నుంచే పడమటి ఊళ్లకు వెళ్లేది. వీధికి రెండు వైపులా ఎర్ర ఇటుకతో కట్టిన ఎత్తైన భవనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. 1950లో 8,56,796గా ఉన్న నగర జనాభా 2020 నాటికి 3,01,578కి పడిపోయిందంటే, ఈ భవనాలు ఎందుకు ఖాళీ అయ్యాయో వేరే చెప్పనక్కరలేదు. 1998లో మిస్సోరీ రాష్ట్రం చారిత్రక కట్టడాలను పునరుద్ధరించేవారికి అర్హమైన ఖర్చులో 25 శాతాన్ని పన్ను రాయితీగా ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పటికే ఉన్న 20 శాతం సమాఖ్య రాయితీ దానికి తోడైంది. అయితే ఆ రాయితీ దక్కాలంటే కట్టడపు స్వరూపాన్ని చెరపకూడదు. మేము దిగిన ఇంట్లో దూలాలూ స్తంభాలూ కిటికీలూ యథాతథంగా మిగలడానికి ఆ షరతే కారణం.

మాది ఆరో అంతస్తు. వంటగదిలోని గ్రానైటు గట్టు, బీరువా అంత ఫ్రిజ్ వంటివి ఏ ఖరీదైన ఇంట్లోనైనా ఉంటాయి. నన్ను నిలబెట్టినవి వేరు. పద్నాలుగు అడుగుల ఎత్తున పైకప్పు, దానిని మోస్తున్న చతురస్రపు కొయ్య స్తంభాలు కనిపించాయి. కింది అంతస్తులో అవే స్తంభాలు ఇంకా లావుగా ఉన్నాయి. పైకి వెళ్లేకొద్దీ మోయవలసిన బరువు తగ్గుతుంది కనుక స్తంభాన్నీ సన్నం చేశారు. విద్యుద్దీపాలు అంతంత మాత్రంగా ఉన్న కాలంలో పనివాళ్ల చేతికి వెలుతురు అందాలని ఇంచుమించు గోడంత కిటికీలు పెట్టారు. ఉదయం ఏడు దాటగానే ఎండ గది చివరి వరకు పరుచుకునేది. వంటగదికి తలుపు లేకపోవడంతో, మా ఆవిడ పచ్చిపులుసుకు పెట్టిన పోపు వాసన పడక దాకా వచ్చి పిల్లలను లేపింది.

అన్నిటికన్నా ఎక్కువ సేపు నేను చూసింది ఒక తలుపును. రేకు తొడిగిన బరువైన కొయ్య తలుపు అది. ఏటవాలుగా బిగించిన ఇనుప పట్టా మీద చక్రాలతో వేలాడుతోంది. దానిని తెరిచి ఉంచేందుకు మరో చివర ఒక బరువు కట్టి, ఆ గొలుసు మధ్యలో త్వరగా కరిగే లోహంతో చేసిన చిన్న లంకె అమర్చారు. మంటలు లేచి వేడి పెరిగితే లంకె కరిగి తెగిపోతుంది, బరువు విడిపోతుంది, తలుపు దానంతట అదే జారి మూసుకుంటుంది. పక్క విభాగంలోని మనుషులనూ సరుకునూ కాపాడడానికి, మనిషి చేయి అవసరం లేకుండా చేసిన ఏర్పాటు అది.

మాది వరంగల్. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజం జాహీ మిల్లులో మా నాన్న వీవింగ్ సెక్షన్‌లో పనిచేశారు. మగ్గాల మోతకు ఆయన ఎడమ చెవి సరిగా వినిపించేది కాదు, మేము ఎప్పుడూ కుడి పక్కన కూర్చునే మాట్లాడేవాళ్లము. ఆ మిల్లు మూతపడింది, కట్టడాలు చాలావరకు నేలమట్టమయ్యాయి, ఆ నేల ప్లాట్లుగా మారింది. కనీసం ఒక్క షెడ్డునైనా ఇలా నిలిపి ఉండవలసిందన్న బాధ ఆ తలుపు ముందు నిలబడినప్పుడు నాకు కలిగింది. ఈ నగరమూ అన్నింటినీ కాపాడుకోలేదు. రెండు వీధులు దాటితే కూల్చిన భవనాల స్థానంలో కార్లు నిలిపే ఖాళీ స్థలాలే కనబడతాయి.

రెండో రోజు పిల్లలను సిటీ మ్యూజియంకు తీసుకువెళ్లాము. ఇంటర్నేషనల్ షూ కంపెనీ వాడిన భవనంలో 1997లో దానిని ప్రారంభించారు. ఒకప్పుడు జోళ్లను పై అంతస్తుల నుంచి కిందికి జారవిడిచిన మెలికల ఇనుప మార్గాల్లో ఇప్పుడు పిల్లలు జారుతున్నారు. మా తమ్ముడు కూడా రెండుసార్లు జారి వచ్చాడు.

చివరి ఉదయం సామాను సర్దుతుండగా మా మనవరాలు నేల మీద వంగి, "తాతా, ఈ చుక్కలేంటి?" అని అడిగింది. మేపుల్ పలకల మీద వరుసగా రూపాయి బిళ్లంత కొయ్య బిరడాలు ఉన్నాయి. ఇక్కడ ఒకప్పుడు దుస్తులు కుట్టేవారని కింద గోడకు తగిలించిన పలక చెబుతోంది. యంత్రాలను నేలకు బిగించిన బోల్టులు తీసేశాక ఆ రంధ్రాలను అలా పూడ్చి ఉంటారని ఆమెకు చెప్పాను. మిల్లులో మగ్గాలు కూడా అలాగే వరుసలుగా ఉండేవనీ, నాన్న ఎనిమిది గంటల షిఫ్టు అంతా వాటి నడుమ నిలబడేవారనీ చెప్పాను. ఆ పాప ఒక చుక్క మీద ఒక పాదమూ పక్క వరుసలోని చుక్క మీద ఇంకో పాదమూ ఆనించి నిలబడి, "ముత్తాత నిలబడింది ఇంత సందులోనేనా?" అంది. అవునన్నాను.