కెనడా కొలతలు, మా సరిహద్దు ఇళ్ళు

మా తమ్ముడి కుటుంబం ఒంటారియోలో స్థిరపడినప్పటి నుంచి, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలోని మా ఇంట్లో కెనడా ప్రస్తావన రాని ఆదివారం లేదు. ఆ దేశం అనగానే మంచు, హాకీ, మేపుల్ ఆకు జెండా, మాటకు ముందే క్షమాపణ చెప్పే మర్యాద అందరికీ గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ఆ ప్రజల తీరు వారి కొలతల్లోనే ఎక్కువగా తెలిసివస్తుంది.

అక్కడ బయటి చలిని సెల్సియస్‌లో చెప్పుకుంటారు, ఓవెన్ వేడిని ఫారన్‌హీట్‌లో పెట్టుకుంటారు. కారు వేగం కిలోమీటర్లలో ఉంటుంది. మనిషి ఎత్తు అడుగుల్లో, ఒంటి బరువు పౌండ్లలో ఉంటాయి. 1970లో మెట్రిక్ పద్ధతికి మారాలని నిర్ణయించిన ప్రభుత్వం 1975 ఏప్రిల్ 1 నుంచి వాతావరణ సమాచారంలో సెల్సియస్‌ను, 1977లో రహదారి బోర్డులపై కిలోమీటర్లను తెచ్చింది. అయితే ఆ మార్పును నడిపిస్తున్న సంఘాన్ని 1985లో తరువాతి ప్రభుత్వం రద్దు చేయడంతో పని నడుమ నిలిచిపోయింది. పొరుగునున్న అమెరికా పౌండ్లనూ అంగుళాలనూ వదలలేదు కనుక, అక్కడి నుంచి వచ్చే వంట పుస్తకాలూ పనిముట్లూ పాత లెక్కను ఇళ్ళలో నిలిపి ఉంచాయి. 1983 జులైలో ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి, కిలోల్లో లెక్కించవలసిన ఇంధనాన్ని పౌండ్ల లెక్కన నింపడం వల్ల ఆకాశంలోనే ఇంజన్లు ఆగిపోయి, మానిటోబాలోని గిమ్లీ వద్ద పాత వైమానిక స్థావరంపై దిగవలసి వచ్చింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

అయినా ఈ కలగలుపును అరకొర బతుకు అనడానికి నాకు మనసొప్పదు. జ్వరాన్ని ఫారన్‌హీట్‌లోనూ ఎండను సెల్సియస్‌లోనూ చెప్పుకునే మనం, సంబంధం మాట్లాడేటప్పుడు పిల్ల ఎత్తు అడుగుల్లోనూ పొలం ఎకరాల్లోనూ అడిగే మనం, దానిని లోపంగా ఏనాడూ భావించలేదు. ఒంటారియోలో నాలుగు లీటర్ల పాలను మూడు సంచుల్లో అమ్ముతారని, సంచిని జగ్గులో నిలబెట్టి మూల కత్తిరించి కాచకుండానే తాగుతారని మరదలు చెప్పినప్పుడు, మా అమ్మకు ఆ కాచకపోవడం ఒక్కటే వింతగా తోచింది.

నన్ను నిజంగా ఆకట్టుకున్నది మరొకటి. అమ్మకపు వస్తువుల పెట్టెలపై ముఖ్య వివరాలు ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ఉండాలని అక్కడ 1970ల నాటి సమాఖ్య నిబంధన ఉంది. ఫ్రెంచి చాలా అరుదుగా వినిపించే వాంకూవర్‌లో సైతం అది వర్తిస్తుంది కనుక, పిల్లలు ఉదయం ఫలహారం తింటూనే ఎవరూ నేర్పకుండా ఆ అక్షరాలకు అలవాటు పడతారు. 1936 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఒడిశాలో చేరిన మా ఊరిలో, నేటికీ ఎన్నో ఇళ్ళలో తెలుగే మాట్లాడుతారు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం, అక్కడ అన్ని బోర్డులూ తెలుగే. ఒడియాను ఎవరూ తగ్గించనక్కరలేదు. దాని కింద, ఉప్పు పొట్లంపైనో బస్సు బోర్డుపైనో, తెలుగు వరుస ఒకటి ఉండి ఉంటే, ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతూ ఆ అక్షరాలను పోల్చుకోలేని పిల్లలు మా వీధిలో ఇంతమంది ఉండేవారు కారని నా గట్టి నమ్మకం.