మూడో సిలిండర్‌లో నీళ్లు

మా పాత ట్రావెలర్ వ్యాన్ తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క చప్పుడు. డాష్‌బోర్డు లైట్లు మసకబారాయి, అంతే. బ్యాటరీ పోయిందనుకుని పక్కింటి వాళ్ల బొలెరో నుంచి వైర్లు కలిపాను. మళ్లీ టక్. మూడోసారి సెల్ఫ్ కొట్టబోతుంటే వెనక మంచం మీద కూర్చుని కిటికీ పరదాలు కడుతున్న బాపు, “ఆగురా, అది బ్యాటరీ సప్పుడు గాదు. లోపల ఏందో పట్టేసింది” అన్నాడు. ఆజంజాహి మిల్లులో మగ్గాల మధ్య చెవులు అరగదీసుకున్న మనిషి. ఫోన్‌లో మాట్లాడితే సగం వినపడదు కానీ, యంత్రం మాట మాత్రం వినపడుతుంది.

అది 2024 ఫిబ్రవరి మొదటి వారం. 21 నుంచి మేడారం జాతర. మోకాలి ఆపరేషన్ తర్వాత నడవగలిగితే నిలువెత్తు బంగారం ఇస్తానని బాపు అమ్మవార్లకు మొక్కుకున్నాడు. అంటే ఆయన బరువుకు సరిపడా బెల్లం, 58 కిలోలు. దాన్నీ, ఆయన్నీ, మా ఆవిడ వంట సామానునూ మోయాల్సింది ఈ బండే.

బండి 2003 మోడల్ ట్రావెలర్. వెనక ఇంకా ‘బజాజ్ టెంపో’ అనే ఉంటుంది, కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారింది 2005లో కదా. లోపల సీట్లు పీకేసి, హన్మకొండలో ఒక వడ్రంగి చేత ప్లైవుడ్ మంచం, మడిచే బల్ల, రెండు పొయ్యిల స్టవ్వుకు గూడు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌కు తొట్టి చేయించాను. మా ఆవిడ దీన్ని ‘గుడిసె’ అంటుంది. ఇంజన్ మాత్రం రాయి. బెంజ్ వాళ్ల ఓఎం 616 డిజైన్, 1970లలో వాళ్ల కార్లలో తిరిగిన రకం.

మరి రాయి లాంటి ఇంజన్ ఎందుకు పట్టేసింది? నేను అందరికీ ఒకటే చెప్పాను: వరద. 2023 జూలై 27న నయీంనగర్ నాలా పొంగి మా గల్లీలోకి నీళ్లొచ్చినప్పుడు బండి ఒకటిన్నర రోజు నీళ్లలో నిలబడింది. ఆ ఇరవై నాలుగు గంటల్లోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంత వాన మీదికి నెడితే ఎవరు కాదంటారు?

మొదట చూపించిన గ్యారేజీలో బండి కింద కూడా దూరకుండానే లక్షా పదివేలు అన్నారు. బామ్మర్దిది ఇంకా ధైర్యం: “ట్రాక్టర్ కట్టి సెకండ్ గేర్‌లో గుంజుదాం బావా, అదే తిరుగుతది.” నేను ఊ అనేవాడినే. ఆ సాయంత్రమే ఆటోనగర్ నుంచి చాచా వచ్చాడు. బాపుకు పాత పరిచయం, డీజిల్ బండ్ల మీద నలభై ఏళ్లు. ట్రాక్టర్ మాట వినగానే మొహం మాడ్చుకున్నాడు. “సిలిండర్ల నీళ్లున్నయనుకో బేటా, నీళ్లు నలగవు. రాడ్డు వంగుతది. అప్పుడు లచ్చ గాదు, రెండు.”

ముందు ఇంజన్ నిజంగా పట్టేసిందా అన్నది తేల్చాడు. గేరు న్యూట్రల్, బెల్టులు తీసేశాడు, సెల్ఫ్ మోటార్ దించాడు. డైనమో బేరింగ్ బిగుసుకున్నా, సెల్ఫ్ పళ్లు ఇరుక్కున్నా ఇదే చప్పుడు వస్తుందట. క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి, దానికి పైపు తొడిగి తిప్పితే గోడను తిప్పినట్టే ఉంది. తర్వాత ఎయిర్ ఫిల్టర్ తీసి నా ముందు పెట్టాడు. కాగితం పొడిగా ఉంది, బురద గీత లేదు. “వరద ఎందాక వచ్చింది?” “టైరు సగం దాకా.” “మరి ఇంజన్ల కెట్ల పోతది?” నా దగ్గర జవాబు లేదు. ఆయిల్ బోల్టు వదులు చేస్తే ముందు నీళ్లు కారాయి, ఆ వెనక చాయ్ రంగు ఆయిల్. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరతాయి.

డీజిల్ చిమ్మే నాలుగు నోజిళ్లు, నాలుగు హీటర్ ప్లగ్గులు ఊడదీశాం. మూడో సిలిండర్‌లో సన్న పైపు పెట్టి సిరంజితో లాగితే తుప్పు రంగు నీళ్లు. చాచా నన్ను చూసి, “రేడియేటర్ల నీళ్లు తగ్గుతుండెనా?” అని అడిగాడు.

తగ్గుతుండేవి. లక్నవరం వెళ్లొచ్చినప్పుడూ, రామప్ప వెళ్లొచ్చినప్పుడూ ఒక సీసా బోరు నీళ్లు పోసి మూత పెట్టేవాడిని. పాత బండి, తాగుతుందిలే అనుకున్నాను. ఇంజన్ హెడ్‌కూ సిలిండర్లకూ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ లీకై ఆ నీళ్లు మూడో సిలిండర్‌లోకి దిగుతున్నాయి. తిరిగే బండిలో అయితే ఆవిరై తెల్ల పొగలో పోతాయి. జూలై తర్వాత నేను బండిని ఒక్కసారి కూడా స్టార్ట్ చేయలేదు. ఆరు నెలలు నీళ్లు అక్కడే నిలబడి, పిస్టన్ రింగులనూ సిలిండర్ గోడనూ తుప్పుతో అతికించేశాయి. పాపం, ఆ వరదను ఎన్ని తిట్టానో.

ఇక మందు. డీజిల్, పవర్ స్టీరింగ్‌లో పోసే ఎర్రటి ఏటీఎఫ్ ఆయిల్ సగం సగం కలిపి, ఒక్కో సిలిండర్‌లో చిన్న చాయ్ గ్లాసుడు. ఈ ఇంజన్‌లో నోజిల్ కింద వేరే చిన్న గది ఉంటుంది, దాని సన్న రంధ్రాల గుండా ఆయిల్ పిస్టన్ మీదికి దిగాలి. అందుకే తొందర పనికిరాదు. రోజూ సాయంత్రం కాస్త పోయడం, పానా వేసి ఒక చేత్తో బరువు మోపడం, కదలకపోతే ఊరుకోవడం. సుత్తి దెబ్బలు వద్దని, పైపు మీద ఎక్కి తొక్కొద్దని చాచా ఒట్టు వేయించుకున్నాడు. నాకేమో జాతర టెన్షన్. పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి కూడా రోజూ అడిగేవాడు, “కదిలిందా అన్నా?”

ఆరో రోజు గోరు మందం కదిలింది. నా భ్రమేమోనని పుల్లీ మీద సుద్దతో గీత పెట్టాను. ఏడో రోజు గీత వేలెడు జరిగింది. అక్కడి నుంచి కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు, మళ్లీ ఆయిల్. తొమ్మిదో రోజు కీచుమంటూ ఒక పూర్తి చుట్టు తిరిగింది. బాపు అరుగు మీద నుంచి ఈల వేశాడు. ఆయనకు ఈల వేయడం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడే స్టార్ట్ చేసేద్దామన్నాను. చాచా తిట్టాడు. పోసిన ఆయిల్ సిలిండర్లలో మిగిలితే డీజిల్ ఇంజన్ దాన్నే కాల్చుకుంటూ అదుపు లేకుండా పరుగెత్తగలదట. తాళం తీసినా ఆగదు, గాలి మూసేయాల్సిందే. అయినా గ్యాస్కెట్ పని ఎలాగూ ఉంది. హెడ్ దించితే మూడో సిలిండర్ పక్కన గ్యాస్కెట్ నల్లగా తినేసి ఉంది, సిలిండర్ గోడ మీద రింగులు ఆగిన చోట కంకణంలా తుప్పు మరక. హెడ్‌ను అడుగు చదును చేసే ఫేసింగ్‌కు పంపాం. సిలిండర్ గోడను సన్న ఎమరీతో రుద్దాడు. పిస్టన్లు బయటికి తీయలేదు. తీస్తే ఖర్చు ఎక్కడ ఆగుతుందో ఆయనకూ తెలియదన్నాడు, నేనూ గట్టిగా అడగలేదు. అది తప్పేమో, చూడాలి.

కొత్త గ్యాస్కెట్, కొత్త ఆయిల్, బోరు నీళ్లకు బదులు రెడీమేడ్ కూలెంట్. నోజిళ్లు బిగించేముందు సెల్ఫ్ కొట్టి మిగిలిన ఆయిల్ బయటికి చిమ్మించాం. పాత దుప్పటి కప్పినా గోడ మీద చుక్కలు పడ్డాయి, ఇంకా ఉన్నాయి. సిలిండర్లలో గాలి ఒత్తిడి, అంటే కంప్రెషన్, మిగతా మూడింట్లో 330 పీఎస్ఐకి అటూ ఇటూ, మూడోదాంట్లో 290. “నడుస్తది. పొద్దున జెర పొగ పెడతది, పట్టించుకోకు” అన్నాడు చాచా. మొత్తం ముప్పై ఒక్క వేలు.

ఇదంతా అయ్యేసరికి మార్చి చివరికొచ్చింది. జాతర అయిపోయింది, ఆ తర్వాతి వారం జరిగే తిరుగువారం కూడా అయిపోయింది. “అమ్మలు యాడికి పోతరు, గద్దెల మీదనే ఉంటరు” అన్నాడు బాపు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాం. ములుగు దాటాక ఒకసారి, పస్రాలో ఒకసారి ఆగి, ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి చూశాను. నీళ్లు పైదాకా ఉన్నాయి.

మేడారంలో బెల్లం దుకాణం కాంటా మీద బాపు కూర్చుంటే 56 చూపించింది. ఎండలకు రెండు కిలోలు తగ్గినట్టున్నాడు. దుకాణం ఆయన 56 తూచబోతుంటే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు. “మొక్కిన్నాడు యాభై ఎనిమిదుంటి. గంతే తూయి.”