కళ్ల కింద నలుపు: క్రీమ్ కొనే ముందు రకం తేల్చుకోండి

పగటి వెలుతురులో అద్దం పట్టుకుని, కంటి కింది చర్మాన్ని వేలితో మెల్లగా కిందికి లాగండి. గోధుమ రంగు చర్మంతో పాటే కదిలితే అది చర్మంలోని రంగే. నీలంగా, ఊదాగా ఉంటే పల్చటి చర్మం కింది రక్తనాళాలు. మొహం పైకెత్తగానే తగ్గిపోతే గుంట వల్ల పడే నీడ. దానికి ఏ క్రీమూ పనిచేయదు.

మన చామనఛాయ వాళ్లలో ఎక్కువ మొదటిదే. చెన్నై ఎండ, దుమ్ముకి కళ్లు నులుముకోవడం దాన్ని ఇంకా ముదురుస్తాయి. దురద ఉంటే ముందు అలర్జీకి మందు వాడాలి, లేకపోతే ఎంత రాసినా వృథా. ఇక్కడి ఉక్కకి సన్‌స్క్రీన్ చెమటతో కంట్లోకి జారి మండుతుంది, అందుకే చాలామంది మానేస్తారు. మానొద్దు, కంట్లో అంతగా మండని, జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30ది తీసుకోండి. రాత్రిపూట 0.1 శాతం రెటినాల్ (విటమిన్ ఎ రకం) క్రీమ్, రెండు కళ్లకీ కలిపి బఠాణీ గింజంత, కంటి కింది ఎముక మీదే, వారానికి రెండుసార్లతో మొదలుపెట్టండి. రెప్ప అంచు దాకా రాస్తే మండి, పొట్టు లేస్తుంది. గర్భిణులు రెటినాల్ వాడకూడదు. తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది.

నిమ్మరసం వద్దే వద్దు, మండినచోట ఇంకా నల్లబడుతుంది. స్టెరాయిడ్ కలిసిన ఫెయిర్‌నెస్ క్రీములు అంతకన్నా ప్రమాదం: చర్మం పల్చబడుతుంది, కంటి లోపలి ఒత్తిడీ పెరగొచ్చు. నీరసం, ఆయాసం కూడా ఉంటే రక్తహీనత ఉందేమో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.