నానమ్మకు నేను నాన్ననా?

మొన్న డ్రైవ్-త్రూలో మైకు ముందు ‘వెనిల్లా’ అని మూడుసార్లు చెప్పాను. అవతలి అమ్మాయికి అర్థం కాలేదు. వెనక సీట్లోంచి మా పదేళ్లవాడు మెడ చాచి ఒక్కసారి చెప్పాడు, పనైపోయింది. వాడు నవ్వనైనా లేదు. అదే గుచ్చుకుంది. అలవాటైపోయిందన్నమాట.

ఆ రాత్రి హెన్రీ రాత్ ‘కాల్ ఇట్ స్లీప్’ మళ్లీ తీశాను. తూర్పు యూరప్‌లోని గలీషియా నుంచి న్యూయార్క్ చేరిన యూదు కుటుంబం కథ. రాత్ కూడా అక్కడే పుట్టి, పసితనంలోనే అమెరికా వచ్చినవాడు. 1934లో వచ్చిన ఈ నవల మరుగున పడిపోయి, 1964లో పేపర్‌బ్యాక్‌గా వచ్చాకే లక్షల మందికి చేరింది.

అందులో ఒక కిటుకు ఉంది. ఇంట్లో వాళ్లు మాట్లాడేది ఇద్దిష్, అక్కడి యూదుల భాష. దాన్ని రాత్ నిండైన, కవిత్వంలాంటి ఇంగ్లిష్‌లో రాశాడు. వీధి పిల్లల ఇంగ్లిష్‌ని మాత్రం పలికింది పలికినట్టే, విరిచి విరిచి పెట్టాడు. పైకి చదువుకుంటే తప్ప కొన్ని మాటలు బోధపడవు. అమ్మ మాట ఆ ఇంటి చిన్నారి డేవిడ్ చెవికి ఎలా వినబడుతుందో మనకూ అలాగే వినబడుతుంది. ఒకచోట వాడు తప్పిపోతాడు. తన వీధి పేరు వాళ్లమ్మ పలికినట్టే చెబుతాడు, ఎవరికీ అంతుపట్టదు. చివరికి తల్లి పోలీస్ స్టేషన్‌కి వస్తుంది. ఇంట్లో అంత నిండుగా మాట్లాడే గెన్యా, అక్కడ థాంక్స్ చెప్పడానికి తడుముకుంటుంది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అదే తరహా వలస జీవితం మీద మేరీ యాంటిన్ 1912లో రాసిన ఆత్మకథలో ఇంగ్లిష్ ఎక్కడా తొణకదు. గొప్పదే. నాకు మాత్రం పరీక్షలో మంచి మార్కుల కోసం రాసిన జవాబులా అనిపిస్తుంది.

మావాడికి నా ఇంగ్లిష్ బాగా తెలుసు. నా తెలుగే, నేను జోకులేసేది, కోప్పడేది, సగం తెలుసు. ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మ వాణ్ని ‘తిన్నావా నాన్నా?’ అంది. ఫోన్ పెట్టేశాక, ‘నన్ను డాడ్ అంటుందేంటి?’ అని ఇంగ్లిష్‌లో అడిగాడు. రాత్ అయితే ఎలా రాసేవాడా అనుకుంటూ ఇంగ్లిష్‌లోనే చెప్పబోయాను. కుదరలేదు. నానమ్మనే అడగమన్నాను.

తర్వాతి వారం అడిగాడు, తెలుగులోనే: “నానమ్మా, నేను నీకు నాన్ననా?”

“కాక మరి? ఆయనకీ నీలాగే పెరుగన్నం దగ్గర పేచీ” అంది అమ్మ.